వరసలో మా ఏటవాలు సందు

ఏటవాలు సందు, పై నుంచి రెండో ఇల్లు

పిచ్చుకా,

ఫోను చెయ్యచ్చు కదా పెద్దమ్మా అంటావని తెలుసు. ఫోనులో నువ్వు "ఊ, ఊ" అంటూ పక్కన టైపు కొట్టుకుంటూ ఉంటావు. ఉత్తరమైతే చచ్చినట్టు కూర్చుని చదవాలి. అందుకని రాస్తున్నాను.

మా సందు పై చివర నేల కింద నీళ్ల గొట్టం పగిలింది. రాళ్ల సందుల్లోంచి నీళ్లు ఊరి, సందు పొడుగునా కిందికి జారుతున్నాయి. ఏటవాలు కదా, పచ్చగా పాచి పట్టేసింది. పాలు పోసే మనిషి గోడని కరుచుకుని బల్లిలా పైకి వస్తున్నాడు. ఎదురింటి క్లారినెట్ మాస్టారు పాఠం చెప్పడానికి వెళ్లేటప్పుడు వాయిద్యం పెట్టెని చంటిపిల్లలా గుండెకి హత్తుకుని అడుగులో అడుగు వేసుకుంటూ దిగుతున్నారు. నాకేం భయం లేదనుకో. బళ్లో డ్రిల్లు టీచరుగా జీవితమంతా పిల్లల్ని పరిగెత్తించినదాన్ని. కానీ అందరూ నాలా ఉండరు కదా.

గొట్టం పగిలిన రోజే మున్సిపల్ ఆఫీసులో ఫిర్యాదు రాయించాను. ఎన్నాళ్లైనా ఎవరూ రాకపోతే మొన్న మళ్లీ వెళ్లాను. మరమ్మతుల గుమాస్తా మర్యాదస్తుడే. కంప్యూటరు తెర నా వైపు తిప్పి, ఫిర్యాదులన్నీ ఇందులో వరసగా ఉంటాయనీ, పై నుంచి ఒక్కొక్కటీ చేసుకుంటూ వస్తామనీ చెప్పాడు. "మాదెక్కడయ్యా?" అన్నాను. వేలితో తోసుకుంటూ కిందికి వెళ్లాడు. ఇంకా కిందికి. పాపం, వేలు నొప్పి పుట్టిందేమో, మధ్యలో చెయ్యి మార్చాడు. చివరికి అట్టడుగున కనిపించింది మా సందు. దాని కింద తెల్లటి ఖాళీ తప్ప ఇంకేం లేదు.

"ఎవరయ్యా దీన్ని ఇలా పేర్చింది?" అంటే, "మేం కాదండీ, కంపెనీ వాళ్ల ప్రోగ్రాము" అని కంపెనీ పేరు చెప్పాడు. అది నువ్వు పనిచేసే కంపెనీ. "మరమ్మతుల జాబితా పని నాకే ఇచ్చారు" అని కిందటి ఉత్తరంలో గొప్పగా రాశావు కూడా.

కాబట్టి తల్లీ, మమ్మల్ని కాస్త పైకి జరుపు. మరీ మొదట వద్దు, చూసేవాళ్లకి బాగుండదు. పై వరసల్లో ఎక్కడో ఓ చోట ఇరికించు చాలు. సొంత పెద్దమ్మని అట్టడుగుకి తోసిన పిల్లవని నలుగురూ అనుకోకూడదు కదా.

నీ పెద్దమ్మ


ఆఫీసు, మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల

పెద్దమ్మా,

నీ ఉత్తరం చదివి పక్క బల్లవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా నవ్వాను. మీ ఊరు కూడా మా ప్రోగ్రాము కొన్నదని నాకు తెలియదు. చాలా ఊళ్లు కొన్నాయి.

కానీ నిన్ను పైకి జరపడం నా చేతిలో లేదు. నేను ఫిర్యాదుల్ని చేత్తో పేర్చను. ఒక నియమం రాస్తాను, అంతే. నువ్వు బళ్లో పిల్లల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టేదానివి కదా, ఏ ఇద్దర్ని పక్కపక్కన పెట్టినా ఎవరు ముందో ఎవరు వెనకో నీకు తెలిసేది. అలాగే ఏ రెండు ఫిర్యాదులు తీసుకున్నా ఏది ముందో నా నియమం చెబుతుంది. మిగతా జరగడాలూ తోసుకోవడాలూ కంప్యూటరు చూసుకుంటుంది. మామూలుగా అది తక్కువ నుంచి ఎక్కువకి పేరుస్తుంది. మాకు ఎక్కువది పైన కావాలి కాబట్టి ఆ వరసని తిరగేస్తాం. దేన్ని బట్టి ఎక్కువ, దేన్ని బట్టి తక్కువ అన్నది మాత్రం మనం చెప్పాలి. ఎత్తా, బరువా, వయసా, ఏదైనా సరే.

ఇక్కడ లెక్క ఏమిటంటే, ఒక సమస్య గురించి ఎంతమంది చెప్పారు అన్నది. ఎక్కువమంది చెబితే పైన, తక్కువమంది చెబితే కింద. మీ సందు గురించి నువ్వు ఒక్కదానివే చెప్పినట్టున్నావు. అందుకే కింద ఉన్నారు.

మరి అట్టడుగునే ఎందుకంటావా? ఎవరో ఒకరు చివర ఉండాలి కదా. దాన్ని మనసులో పెట్టుకోకు.

జాగ్రత్తగా నడువు. చెప్పులు మార్చు, ఆ పాతవి అరిగిపోయాయి.

నీ పిచ్చుక


ఏటవాలు సందు

పిచ్చుకా,

బంగారుతల్లివి. అడిగింది చెయ్యను అంటూనే ఎలా చెయ్యాలో చెప్పేశావు.

ఎంతమంది చెప్పారన్నదే కదా లెక్క. సందులో ఇంటింటికీ వెళ్లి అందరిచేతా ఫిర్యాదు చేయించాను. మూల ఇంట్లో కొత్తగా కాపురం పెట్టిన జంట ఇద్దరూ విడివిడిగా చేశారు, కలిసి చేస్తే ఒకటే అవుతుందని వాళ్లే అన్నారు. మన కుర్రకారు తెలివైనదే. అయినా సందు చిన్నది, ఇళ్లు ఎన్నని. అప్పుడు నా పాత శిష్యులు గుర్తొచ్చారు. మందుల షాపువాడూ, బస్సు నడిపే అమ్మాయీ, పళ్ల డాక్టరూ, బ్యాంకులో కూర్చునే ఆ పొడుగాటి వాడూ. "టీచర్ చెప్పారంటే కాదంటామా" అని ఒక్కొక్కరూ ఇంటిల్లిపాదీ చేత చేయించారు. పళ్ల డాక్టరు అయితే నోరు తెరిపించి కూర్చోబెట్టిన వాళ్లని కూడా అడిగాడట. ఆ పరిస్థితిలో ఎవరు కాదంటారు?

నిన్న ఆఫీసుకి వెళ్తే గుమాస్తా లేచి నిలబడ్డాడు. తెర మీద మొట్టమొదట మా సందు. నా కళ్లు చెమర్చాయంటే నమ్ము. ఆ సంతోషంలో, "ఈ ప్రోగ్రాము రాసింది ఎవరనుకున్నావు, మా చెల్లెలి కూతురు" అని చెప్పాను. అతను కాగితం మీద ఏదో రాసుకున్నాడు. నీ గొప్పతనం పై అధికారులకి కూడా చెబుతాడేమో.

క్లారినెట్ మాస్టారు మాత్రం, "టీచరు గారూ, ఇది పద్ధతేనంటారా?" అన్నారు. ఆయనకి అన్నిటికీ అనుమానమే. ఈల ఊదితే పరిగెత్తాలి గానీ, ఎందుకు ఊదారని ఆలోచిస్తూ నిలబడే రకం.

నీ పెద్దమ్మ


ఆఫీసు

పెద్దమ్మా,

మీ సందు జాబితాలో పైకి వచ్చిన సంగతి ఇక్కడ అందరికీ తెలిసింది. ఉన్న మనుషుల కంటే ఫిర్యాదులు ఎక్కువగా వచ్చిన సందు ఇప్పటివరకూ ఏ ఊళ్లోనూ లేదట. మీ ఊరి ఇంజనీరు గారు చూసి, సందు బయటివాళ్లు చేసినవీ, ఒకే ఇంటివాళ్లు మళ్లీ మళ్లీ చేసినవీ అన్నీ కొట్టేయమన్నారు. మిగిలిన మీ సందువాళ్లవి కూడా ఒకే గొట్టం గురించే కదా అని నీదాంట్లో కలిపేసి ఒక్కటిగా లెక్కవేశారు. నీ మొదటి ఫిర్యాదు మాత్రం మిగిలింది.

అసలు నియమమే మార్చాలా అని కూడా ఆలోచిస్తున్నారు. ఎంతకాలంగా ఎదురుచూస్తున్నారో చూసి పేర్చాలని కొందరంటున్నారు. ఇంకా ఏమీ తేలలేదు.

ఒక్క మాట. ఇకమీదట అక్కడ నా పేరు ఎత్తకు. పెద్ద విషయమేం కాదు. ఎత్తకు, అంతే.

ఇక్కడ అంతా బాగానే ఉంది. పని తక్కువగా ఉంది.

నీ పిచ్చుక


ఏటవాలు సందు

పిచ్చుకా,

ఈ దస్తూరి చూసి కంగారు పడకు. క్లారినెట్ మాస్టారి అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని ఈసారి ఆయనతో రాయిస్తున్నాను. ఆయనకి పాఠాలు లేని రోజు, ఊరికే కూర్చోవడం ఎందుకని. నేను చెబుతున్నాను, ఆయన రాస్తున్నారు. వేరే కారణం ఏమీ లేదు.

కొట్టేశారన్నమాట. మళ్లీ వెళ్లి చూశాను. మళ్లీ అట్టడుగే. ఒకే ఒక్క ఫిర్యాదు ఉన్న సందులు ఊళ్లో ఎన్నో ఉన్నాయట, వాటన్నిటి కిందా మాదే. ఎవరో ఒకరు చివర ఉండాలని నువ్వు రాశావు, సరే. ప్రతిసారీ మేమేనా? బళ్లో ఒకే ఎత్తున్న పిల్లలుంటే నేను ప్రతిరోజూ ఒకే పిల్లని వెనక్కి పంపితే వాళ్లమ్మ ఊరుకునేదా? (ఇక్కడ టీచరు గారు గుమాస్తా గారి గురించి ఒక మాట అన్నారు. అది నేను రాయడం లేదు.)

ఎంతకాలంగా ఎదురుచూస్తున్నామో లెక్కపెడతారేమో అన్నావు కదా. అందుకు నేను సిద్ధంగా ఉన్నాను. ఇంకా పాడవనివాటి మీద కూడా ఇప్పుడే ఫిర్యాదులు పెట్టి వచ్చాను. పై చివర దీపస్తంభం ఇవాళ బాగానే వెలుగుతోంది, కానీ ఎప్పటికైనా ఆరిపోతుంది కదా. పక్కింటి ప్రహరీ ఇవాళ నిటారుగా ఉంది, ఎప్పటికైనా ఒరుగుతుంది. అవి పాడయ్యేనాటికి మేం ఎదురుచూడడం మొదలుపెట్టి చాలాకాలం అయి ఉంటుంది. ఎలా ఉంది? (నేను వద్దన్నాను. నా మాట చెల్లలేదు.)

నీ సంగతి చెప్పు. ఉత్తరం పైన ఎప్పుడూ "మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల" అని రాసేదానివి. ఆ కిటికీ దొరికినప్పుడు రెండు పేజీలు రాశావు నాకు. ఈసారి ఒట్టి "ఆఫీసు" అని ఉంది. కిటికీ ఏమైంది?

నీ పెద్దమ్మ

అమ్మా, నేను మాస్టారిని. టీచరు గారు టీ పెట్టడానికి లోపలికి వెళ్లారు. ఒంటిచేత్తో పెడుతున్నారు కాబట్టి నాకు కాస్త వ్యవధి దొరికింది. ఆవిడ పోయిన వారం సందులో జారి పడ్డారు. కుడిచేతి మణికట్టు విరిగింది, కట్టు కట్టారు. ప్రమాదమేమీ లేదు, కోపం మాత్రం చాలా ఉంది. ఈ సంగతి ఆఫీసులో చెబితే పని వెంటనే అవుతుందని నేను కాగితం తెచ్చాను. అందులో "పడిపోయినవారు: పిల్లలు, వృద్ధులు, ఇతరులు" అని గళ్లున్నాయి. రెండో గడిలో గీత పెట్టబోయాను. కాగితం లాక్కుని చింపేశారు. డ్రిల్లు టీచరు పడిపోయిందని ఊరంతా తెలిస్తే తను మళ్లీ ఈల పట్టుకోలేనంటున్నారు. మీరు ఏమైనా చెయ్యగలిగితే చెయ్యండి. నేను చెప్పినట్టు మాత్రం తెలియనివ్వకండి. చెంచా చప్పుడు ఆగింది, వస్తున్నారు.


ఆఫీసు, కింది అంతస్తు, మెట్ల పక్క

పెద్దమ్మా,

కిటికీ ఏమైందని అడిగావు. దాచడం నాకు చేతకాదని నీకు తెలుసు, నీ దగ్గర అసలే చేతకాదు. చెబుతాను, కానీ బాధపడకూడదు.

ప్రోగ్రాము రాసిన ఉద్యోగిని బంధువులున్న సందే పైకి వచ్చిందని మీ మున్సిపల్ ఆఫీసు నుంచి మా బాసుకి ఉత్తరం వచ్చింది. ఆయన కేకలు వెయ్యలేదు. "నువ్వు చేశావని నేననను. కానీ తేలేదాకా ఆ పని ముట్టుకోవద్దు" అన్నారు. కింది అంతస్తులో, వాడేవాళ్లకి సందేహాలు తీర్చే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. కిటికీ లేదు గానీ మెట్లెక్కేవాళ్ల చెప్పులన్నీ కనిపిస్తాయి. కొన్నాళ్లు ఏడుపొచ్చింది. ఇప్పుడు చెప్పుల్ని బట్టి ఎవరెవరో చెప్పేస్తున్నాను.

అసలు సంగతి వేరే ఉంది. "ప్రతిసారీ మేమేనా" అని నువ్వు రాసిన మాట నన్ను పట్టుకుని వదల్లేదు. ఖాళీగానే ఉన్నాను కదా అని నా నియమం మళ్లీ చదివాను. పెద్దమ్మా, నువ్వు అన్నది నిజం. తప్పు నాదే.

నేను ముందు తక్కువ నుంచి ఎక్కువకి పేర్చి, తర్వాత వరస మొత్తాన్ని తలకిందులు చేశాను. ఎక్కువమంది చెప్పినవి పైకి వచ్చాయి, అంతవరకూ బాగానే ఉంది. ఒక్కొక్కరే చెప్పిన సందులు మాత్రం సమానం. సమానమైనవాళ్లని కంప్యూటరు వచ్చిన వరసలోనే ఉంచుతుంది, ముందొచ్చినవాళ్లు ముందు. నేను వరస తిప్పేసరికి వాళ్లూ తిరిగిపోయారు. ముందొచ్చినవాళ్లు వెనక్కి, వెనకొచ్చినవాళ్లు ముందుకి. మీ ఊళ్లో కంప్యూటరు పెట్టాక మొట్టమొదట ఫిర్యాదు చేసింది నువ్వేనట. అందరికంటే ముందు వెళ్లినందుకే అట్టడుగున పడ్డావు. నువ్వే కాదు, అన్ని ఊళ్లలోనూ ఓపిగ్గా ఒక్కసారి చెప్పి ఎదురుచూస్తున్నవాళ్లంతా అలాగే పడి ఉంటారు.

ఎవరూ కనిపెట్టలేదు. చెప్పకపోయినా గడిచిపోయేది. కానీ మెట్లెక్కి వెళ్లి బాసుకి చెప్పేశాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు, మళ్లీ తీశారు. నన్ను ఉంచుతారో లేదో తెలియదు.

వచ్చే వారం మీ మున్సిపల్ ఆఫీసు హాల్లో సభ పెడుతున్నారు. వరస ఎలా ఉండాలో ఊరివాళ్లనే అడుగుతారట. మా బాసు వస్తున్నారు. నన్ను రావద్దన్నారు. నువ్వు వెళ్లు. నా గురించి కాదు, వరస గురించి మాట్లాడు. నాకు తోచిన నియమం ఇది: ముందు ప్రమాదం చూడాలి, ఎవరికి దెబ్బ తగిలింది, ఎవరికి తగలబోతోంది అని. ప్రమాదం సమానమైతే ఎక్కువకాలం ఎదురుచూసినవాళ్లు ముందు. ఎంతమంది అరిచారన్నది చివర.

ఇంకొకటి. పడినవాళ్లు పడ్డామని చెప్పకపోతే ఎంత మంచి నియమం రాసినా దానికి తెలియదు. నేను ఎవరినీ ఉద్దేశించి అనడం లేదు.

నీ పిచ్చుక


ఏటవాలు సందు

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, తర్వాత మాస్టారిని నిలదీశాను. "ఎవరినీ ఉద్దేశించి అనడం లేదట, దీని భావమేమిటి?" అంటే పైకప్పు వైపు చూశారు. ఇప్పుడు కూడా తల వంచుకుని రాస్తున్నారు. (అవును.) ఆయన సంగతి తర్వాత చూసుకుంటాను.

నా నోటి దురుసువల్ల నీ కిటికీ పోయిందని తెలిశాక నాకు అన్నం సహించలేదు. సభకి వెళ్లి తాడో పేడో తేల్చుకుందామనుకున్నాను. నువ్వు వరస గురించే మాట్లాడమన్నావు, సరేనన్నాను. కానీ నిజం చెప్పనా, వెళ్లేటప్పుడు నా మనసులో ఉన్నది ఒకటే. ఏ నియమం పెట్టినా మా సందే ముందుండాలి.

హాలు కిక్కిరిసింది. బల్ల వెనక ఇంజనీరమ్మ, పక్కన మీ బాసు, అటు గుమాస్తా. బేకరీ ఆయన తన వీధిలో గుంట ఉందని కొనేవాళ్లందరినీ వెంటబెట్టుకొచ్చాడు. వాళ్లంతా ఒకేసారి అరుస్తున్నారు. ఇంజనీరమ్మ గంట కొట్టింది, ఎవరూ వినలేదు. మీ బాసు మైకులో "దయచేసి" అన్నాడు, ఆ ఒక్క మాటే పదిసార్లు అన్నాడు. నాకు చేతులు దురద పెట్టాయి, ఒక చేతికి కట్టున్నా సరే. ఈల తీసి ఊదాను.

హాలు మొత్తం ఆగిపోయింది. సగంమంది నా శిష్యులే కదా, చేతులు పక్కకి పెట్టి నిలబడ్డారు. వీధికి ఒకరు చొప్పున ముందుకి రమ్మన్నాను. ఇంజనీరమ్మ కుర్చీలోంచి లేవబోయి, మళ్లీ కూర్చుని, "కానివ్వండి, చూద్దాం" అంది. మంచి మనిషి.

"ఎంతమంది అరుస్తారో చూసి నిలబడండి" అన్నాను. బేకరీ ఆయన మొదట నిలబడ్డాడు. నేను నడిమధ్యలో పడ్డాను. చివర ఒకావిడ నిలబడింది, ఇస్త్రీ కొట్టావిడ. కింది కాలువ పక్క వీధి. ఆవిడ వెంట ఎవరూ రాలేదు, చంకలో చంటిదాన్ని మాత్రం ఎత్తుకుంది.

"ఇప్పుడు ఎంతకాలంగా ఎదురుచూస్తున్నారో చూసి నిలబడండి" అన్నాను. గబగబా నేను వెళ్లి మొదట నిలబడ్డాను. నా ఫిర్యాదే మొదటిదని నువ్వే రాశావు కదా. అందరూ సర్దుకున్నారు. ఇస్త్రీ కొట్టావిడ మాత్రం కదల్లేదు. "ఏమ్మా, నీదెప్పటిది?" అని అడిగాను.

"మాది కంప్యూటరు రాకముందుదండి. చీటీ ఇచ్చారు" అంది.

గుమాస్తా చీటీ చూశాడు. పాత చీటీలన్నీ తర్వాత ఎక్కించాం, ఎక్కించిన రోజే తేదీగా పడింది అన్నాడు, గొంతు తగ్గించి. ఇంజనీరమ్మ అతని వైపు చూసిన చూపుకి నాకే జాలేసింది. నేను పక్కకి జరిగాను. జరగాలనిపించలేదు, జరిగాను.

అప్పుడు మీ బాసు లేచాడు. "మా దగ్గర ఒక అమ్మాయి ఇంకో పద్ధతి చెప్పింది. ముందు ప్రమాదం, తర్వాత ఎదురుచూసిన కాలం. అలా నిలబడితే ఎలా ఉంటుందో చూపిస్తారా?" అన్నాడు. నేనెవరో తెలిసే అన్నాడో తెలియక అన్నాడో నాకు అర్థం కాలేదు.

"మీ వీధిలో ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అని ఇంజనీరమ్మ ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చింది. బేకరీ ఆయన, "సైకిలు చక్రం వంకరపోయింది" అన్నాడు. ఇస్త్రీ కొట్టావిడ, "వాన పడితే మురుగు గదిలోకి వస్తుంది. పిల్లని ఇస్త్రీ బల్ల మీద పడుకోబెడుతున్నాను. మొన్న దొర్లి పడబోయింది" అంది. ఏడుస్తూ కాదు, బట్టలెన్నో లెక్క చెప్పినట్టు చెప్పింది.

తర్వాత నా వంతు. చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. "మీ సందులో?" అంది. హాలంతా నా శిష్యులు. పడితే ఏడవకూడదు, లేచి పరిగెత్తాలి అని నేను నేర్పిన పిల్లలు. మాస్టారు వెనక వరసలో నిలబడి పైకప్పుకేసి చూస్తున్నారు. కట్టు ముందుకి పెట్టి, "నేను పడ్డాను. కుడిచెయ్యి విరిగింది. ఏ గడిలో రాసుకుంటారో మీ ఇష్టం" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. బస్సు నడిపే అమ్మాయి, "అయ్యో టీచర్, మాకొక్క మాట చెప్పలేదేం?" అంది. అంతే.

ప్రమాదం ఉన్నవాళ్లం ఇద్దరం మిగిలాం, ఇస్త్రీ కొట్టావిడా నేనూ. ఎవరిది పెద్దదో తేల్చలేం, సమానమే అంది ఇంజనీరమ్మ. సమానమైతే ఎక్కువకాలం ఎదురుచూసినవాళ్లే కదా, ఎవరు ముందో నాకు తెలుసు. ఈల ఊదినదాన్ని నేనే కదా. ఆవిడ భుజం పట్టుకుని నా ముందు నిలబెట్టాను. ఒళ్లు మండింది పిచ్చుకా, అబద్ధమెందుకు. కానీ వరస చక్కగా కుదిరింది. తిన్నగా ఉన్న వరసని చూస్తే నాకెప్పుడూ తృప్తిగానే ఉంటుంది.

సభ అయ్యాక మీ బాసు దగ్గరికొచ్చి, "ఆ అమ్మాయి మీకేమవుతుంది?" అన్నాడు. నీ పేరు ఎత్తద్దని నువ్వన్నావు కదా, నోరు మూసుకున్నాను. మాస్టారు అందుకున్నారు. "పెద్దమ్మండి. కానీ ఈవిడ వరసలో రెండోవారు, మొదటివారు కాదు. అది మీరే చూశారు" అన్నారు. మీ బాసు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకి అదో అలవాటు కాబోలు. "తప్పు తనే కనిపెట్టి, ఎవరూ అడక్కముందే మెట్లెక్కి వచ్చి చెప్పింది" అన్నాడు. ఎందుకు చెప్పాడో ఏమో, చెప్పి వెళ్లిపోయాడు.

మాస్టారి మీద నా కోపం సగం తగ్గింది. (సగమేనట.)

నీ పెద్దమ్మ


ఆఫీసు, మూడో అంతస్తు, కిటికీకి ఎదురు బల్ల

పెద్దమ్మా,

పైకి వచ్చేశాను. నా పాత బల్ల ఈలోగా ఇంకొకరికి ఇచ్చేశారు, కానీ ఇక్కణ్నుంచి ఆకాశం ముక్క ఒకటి కనిపిస్తుంది. సర్దుకున్నాను.

బాసు ఒక్కటే అన్నారు. "మీ పెద్దమ్మ ఈల ఊదాక మొదటిసారి మన ప్రోగ్రాము ఏం చేస్తుందో నాకు అర్థమైంది." కొత్త నియమం నేనే రాశాను. ముందు ప్రమాదం, పెద్దది పైన. సమానమైతే ఎదురుచూసిన కాలం, ఎక్కువది పైన. అదీ సమానమైతే ఎంతమంది చెప్పారన్నది. ఈసారి వరసని తలకిందులు చెయ్యలేదు. పెద్దది పైన ఉండాలని నియమంలోనే చెప్పాను, సమానమైనవాళ్లు ఎక్కడున్నవాళ్లు అక్కడే ఉంటారు. పరీక్షించడానికి ఊళ్ల పాత ఫిర్యాదులన్నీ అందులో పోశాను. అడుగున పడి ఉన్న సందులు ఒక్కొక్కటే పైకి తేలుతుంటే, నీకు చూపించాలనిపించింది.

నువ్వు ముందుగా పెట్టిన ఫిర్యాదులు కూడా దొరికాయి. నిటారుగా ఉన్న ప్రహరీ, వెలుగుతున్న దీపం. ఈ ఒక్కసారికి కొట్టేశాను. మళ్లీ పెట్టకు.

ఒక అనుమానం. ఈ మధ్య నీ ఉత్తరాల్లో నీ మాటల మధ్య మాస్టారి బ్రాకెట్ల మాటలు దూరుతున్నాయి. ఇంతకీ మాస్టారు మనింటికి ఉత్తరం రాయడానికే వస్తున్నారా?

నీ పిచ్చుక


ఏటవాలు సందు

పిచ్చుకా,

కట్టు విప్పారు. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని నవ్వకు, ఇది నేనే రాస్తున్నాను. ఈ ఉత్తరం ఆయనతో రాయించేది కాదు.

ముందు కింది వీధి పని చేశారు. కాలువకి గోడ కట్టి, మురుగు మళ్లించారు. నేను వెళ్లి చూశాను. చంటిది నేల మీద పాకుతూ ఇస్త్రీ బల్ల కాళ్లు పట్టుకుని నిలబడుతోంది. ఆవిడ నా చీర ఇస్త్రీ చేసి డబ్బులు వద్దంది. నేను బలవంతాన ఇచ్చాను, ఆవిడ బలవంతాన తిరిగిచ్చింది. చివరికి చంటిదాని గుప్పిట్లో పెట్టి వచ్చేశాను.

తర్వాత మా సందుకి వచ్చారు. రాళ్లు తీసి, గొట్టం మార్చి, రాళ్లు మళ్లీ పేర్చారు. పాచి గీకేశారు. పాలు పోసే మనిషి మామూలు మనిషిలా నడిచి వస్తున్నాడు. ఎండకి సందంతా తెల్లగా మెరుస్తోంది.

ఇక నువ్వు అడిగినదానికి వస్తాను.

నేను పడ్డప్పటి నుంచీ రోజూ సాయంత్రం మాస్టారు మా గుమ్మం దగ్గరికి వచ్చి మోచెయ్యి ఇచ్చేవారు. సందు దిగేదాకా పట్టుకుని నడిచేదాన్ని. కింద కొట్లో కావలసినవి కొనుక్కుని మళ్లీ అలాగే ఎక్కేవాళ్లం. మీ పెదనాన్న పోయాక ఒకరి అడుగుకి నా అడుగు కలపడం మర్చిపోయాను. మాస్టారు నెమ్మదిగా నడుస్తారు. మొదట్లో విసుగొచ్చేది, "ఎడమ, కుడి" అని లెక్క చెప్పేదాన్ని. ఆయన ఏమీ అనుకోలేదు. క్లారినెట్ వాయించేవాళ్లకి ఇంకొకరు తాళం వేస్తే అలవాటేనట.

నిన్న సాయంత్రం తలుపు తీస్తే ఎప్పటిలాగే నిలబడి ఉన్నారు, మోచెయ్యి వంచి.

"మాస్టారూ, సందు ఎండిపోయింది" అన్నాను.

"చూశానండీ" అన్నారు.

మోచెయ్యి మాత్రం దించలేదు. పక్కింటివాళ్లు కిటికీలోంచి చూస్తున్నారు. నేను తాళం వేసి, తాళంచెవి సంచిలో వేసుకుని, చెయ్యి పట్టుకున్నాను. కింది దాకా వెళ్లి వచ్చాం. ఏమీ కొనలేదు.

ఈ సంగతి మీ అమ్మకి అప్పుడే చెప్పకు. అది అడిగేవాటికి నా దగ్గర ఇంకా జవాబుల్లేవు. నన్ను వెతుక్కోనీ.

పెద్దమ్మ